తలుపు మీద అడ్డగీత

తావెత్తి ముసలాయన తలుపు మీద కూడా గీత పడిందన్న సంగతి రౌనికి మొదట తెలిసింది బస్సు డ్రైవరు ద్వారా. చెప్పడం కాదు, అడిగాడు. "ఈసారి తావెత్తిదట కదా?" అని, టిక్కెట్టు చింపి చేతిలో పెడుతూ, ఇంకా మంచు పడుతుందంటావా అన్నంత మామూలుగా.

బడి వంటశాలలో పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్ళు అప్పటిదాకా లాగుతున్నాయి. ఆ మాటతో నొప్పి కూడా తెలియకుండా పోయింది. ఒళ్ళో సంచిలో అమ్మ కోసం చేసిన అప్పాలున్నాయి, రై అనే ముతక ధాన్యం పిండి పల్చగా వత్తి నడుమ బియ్యపు జావ పెట్టి కాల్చినవి. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. వాటిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వెనక సీట్లో ఆడవాళ్ళిద్దరు ఆమెను చూసి మాటలాపేశారు. ఊరంతా పాకిపోయిందన్నమాట. లోకులు కాకులని ఊరికే అన్నారా.

సంగతేమిటంటే, సరస్సు గట్టున మునిసిపాలిటీ నడిపే వృద్ధాశ్రమంలో రౌని తల్లి సైమా ఉంటోంది. డెబ్భై నాలుగేళ్ళు, మతిమరుపు జబ్బు. ఈమధ్య ఒకరోజు భోజనాల హాల్లో, ఆనాటి వంటకం పేరు రాసే నల్లబల్ల దగ్గర సుద్దముక్క తీసుకుని, హిల్మా అనే ముసలమ్మ గది తలుపు మీద, పేరు పలక కింద, అడ్డంగా ఒక గీత గీసింది. హిల్మా వారం తిరక్కుండా పోయింది. తర్వాత ఆస్కరి తలుపు మీద గీసింది. ఆయన మర్నాడే పోయాడు. వృద్ధాశ్రమంలో ముసలాళ్ళు పోక పెళ్ళికొడుకులు పోతారా అని రౌని మొదట్లో నవ్వేసింది. కానీ భయానికి లెక్కలు పడతాయా? ఇప్పుడు సైమా కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. ఒకావిడైతే, సైమా నడవాలోకి వచ్చిందంటే చాలు, గదిలోకి పోయి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుంటోంది.

హెడ్ నర్సు పైవిక్కి గుమ్మంలోనే కాచుకుని ఉంది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి, కాఫీ పోసి, చావు కబురు చల్లగా చెప్పింది. ఆస్కరి కోడలు మునిసిపాలిటీకి ఫిర్యాదు పెట్టిందట. ఇవాళ పొద్దున్న తావెత్తి కూతురు ఫోన్ చేసి ఏడ్చి గోల పెట్టిందట. శుక్రవారం డాక్టరు వస్తాడు. సైమాని పట్నంలో తాళాల వార్డుకి పంపేద్దామనుకుంటున్నారు.

కాఫీ కప్పు రౌని చేతిలోనే ఉండిపోయింది. తాళాల వార్డంటే ఏమిటో ఆమెకు తెలుసు, అత్తగారి చెల్లెలు చివరి రోజులు అక్కడే గడిపింది. కిటికీలు తెరుచుకోవు. నడుం దగ్గర పట్టీ వేసి మంచానికి కట్టేస్తారు. పట్నానికి బస్సులు అంతంత మాత్రం, ఆదివారం ఒక్క పూట వెళ్ళి రాగలిగితే గొప్ప. అమ్మ ఇప్పటికే ఎప్పుడో ఒకసారి గానీ పేరు పెట్టి పిలవడం లేదు, అదీ అప్పం వాసన తగిలాక. ఆదివారం ఆదివారం కనబడే మనిషిని ఎన్నాళ్ళు గుర్తుపెట్టుకుంటుంది?

"సుద్దముక్క దాచేయొచ్చుగా పైవిక్కీ."

"దాచాం. తావెత్తి తలుపు మీద సబ్బుతో గీసింది." పైవిక్కి కళ్ళద్దాలు తీసి ముక్కు మీది గుంటలు రుద్దుకుంది. "నువ్వడుగు. నీకైనా చెప్తుందేమో. డాక్టరుకి చెప్పడానికి నాకేదో ఒకటి దొరకాలి కదా. నేను మాత్రం పంపాలని పంపుతున్నానా?"

రౌని గదిలోకి అడుగుపెట్టగానే సైమా మంచం మీంచి లేచింది. పలకరింపు లేదు, పాడూ లేదు. నేరుగా వచ్చి కూతురి కోటు గుండీలు గొంతు దాకా పెట్టింది. తర్వాత జేబులు ఖాళీ చేసింది. తాళంచెవులు, దువ్వెన, బస్సు టిక్కెట్టు, ఒక పిప్పరమెంటు బిళ్ళ. అన్నీ చేతిరుమాలులో పెట్టి, నాలుగు కొసలూ కూడదీసి ముడేసి, ఆ మూటను రౌని చేతిలో పెట్టింది. చాలా రోజులుగా ఇదే వరస. చిన్నపిల్లల ఆటలాంటిదే అనుకుని రౌని అలవాటు పడిపోయింది, బస్సెక్కాక మూట విప్పుకుంటుంది.

ఆ తర్వాత కూతురి ముఖం తుడవడం. బేసిన్‌లో నీళ్ళు పట్టి, మోచెయ్యి ముంచి వేడి చూసి, గుడ్డ తడిపి పిండి, నుదుటి నడుమ నుంచి చెవి వైపుకి ఒక వరస, మళ్ళీ అవతలి చెవి వైపుకి ఒక వరస. కనురెప్పల మీద నొక్కకుండా. చెవి వెనక, గడ్డం కింద. అంత నేర్పుగా తుడిచే ఆ చేతులకి ఇప్పుడు చెంచా పట్టుకోవడం రాదు.

తలుపుల మీద గీతలెందుకని రౌని మెల్లగా అడిగింది. మాట మార్చి అడిగింది, బతిమాలింది, ఆఖరికి కొంచెం విసుక్కుంది కూడా. సైమా గుడ్డ పిండుకుంటూ ఉండిపోయింది. చాలాసేపటికి, "వాళ్ళ కోసం కాదు" అంది.

"మరెవరి కోసమమ్మా?"

"వచ్చేవాళ్ళ కోసం."

ఇంకేం రాబట్టలేకపోయింది. రౌని సంచిలోంచి అప్పాలు తీసి, ఒకటి తుంచి నోట్లో పెట్టింది. సైమా నమిలింది, ఆగింది, కూతురి ముఖంలోకి చూసింది. "రౌనీ, ఉప్పు తక్కువైంది" అంది. రౌనికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. యాభై ఏళ్ళ కిందటి యుద్ధంలో సైన్యానికి వండిపెట్టిన మనిషి, ఆవిడ మాట కాదనగలమా? బూడిదరంగు గౌన్లు తొడుక్కుని సైన్యం వెంట సాయానికి వెళ్ళిన ఆడపిల్లల్లో అమ్మా ఒకతె. వంటశాలలో ఉండేదాన్నని చెప్పేది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. రౌని వంటపనిలో చేరడానికి ఆ మాటే కారణం. ఇంట్లో మాత్రం అమ్మ చేతి జావ ఏనాడూ మాడకుండా దిగలేదు. దాని మీద నాన్న ఎన్ని వెక్కిరింపులు వెక్కిరించేవాడో!

మర్నాడు గురువారం. బళ్ళో బఠాణీల పులుసు. చేయి తిరిగిన వంట, కళ్ళు మూసుకుని చెయ్యగలదు. అలాంటిది ఆ రోజు అడుగంటింది. పిల్లలు ముక్కులు మూసుకుంటుంటే, తోటి వంటావిడ ఏమైందే నీకని అడిగింది. ఏమీ లేదంది రౌని. రేపు ఈ పాటికి అమ్మని కార్లో ఎక్కించేస్తారు. కాలుగాలిన పిల్లిలా పొయ్యి చుట్టూ తిరిగి, గిన్నెలు నానబెట్టీ పెట్టకుండానే బస్సు కోసం పరిగెత్తింది.

ఈసారి అమ్మ దగ్గరికి కాదు, ముందు తావెత్తి దగ్గరికి వెళ్ళింది. ఎవరూ తుడవకపోతే తానే తుడిచి, ముసలాయన కాళ్ళో చేతులో పట్టుకుని క్షమించమందామని తడిగుడ్డ పట్టుకుని మరీ వెళ్ళింది. తావెత్తి చక్రాల కుర్చీలో తన గది బయటే కూర్చుని ఉన్నాడు, గోడకి వీపు ఆన్చి. వెనక గోడ లేకపోతే ఆయన కూర్చోడు, అది యుద్ధం నాటి అలవాటట. పక్షవాతం వచ్చాక ముఖం ఎడమ సగం జారిపోయింది. మూతి పక్క నుంచి తడి కారుతుంటే రుమాలుతో ఒత్తుకుంటున్నాడు. తలుపు మీద సబ్బు గీత అలాగే ఉంది.

రౌని గుడ్డ ఎత్తగానే కర్ర అడ్డం పెట్టాడు.

"తుడవకమ్మాయ్. మీ అమ్మ యుద్ధంలో ఎక్కడ పనిచేసిందో తెలుసా నీకు?"

"వంటశాలలో."

ముసలాయన సగం మూతితో నవ్వాడు. నవ్వు కాదది. "వంటా? ఆ షెడ్డులో కాగింది నీళ్ళమ్మాయ్, జావ కాదు."

తర్వాత చెప్పింది ముక్కలు ముక్కలుగా చెప్పాడు, మధ్య మధ్య రుమాలు ఒత్తుకుంటూ. తను గుర్రపు బండి మనిషి. అడవిలో ప్రాణం పోయిన కుర్రాళ్ళని మంచుబండి మీద వేసుకుని వెనక్కి తెచ్చేవాడు. ఎవరినీ అక్కడ వదిలెయ్యకూడదు, ఎవరి ఊరి చర్చి శ్మశానానికి వాళ్ళని చేర్చాలి, అది మన సైన్యం పట్టుదల. తెచ్చి ఒక షెడ్డు గుమ్మం దగ్గర దించేవాడు. అక్కడ ఇరవయ్యేళ్ళ ఆడపిల్లలు, తలకి గుడ్డ కట్టుకుని ఉండేవాళ్ళు. కొయ్యబారిన ఒళ్ళు మెత్తబడేదాకా ఆగి, గోరువెచ్చటి నీళ్ళతో ముఖాలు కడిగి, జేబులో ఉన్నవి రుమాల్లో మూటకట్టి, గుండీలు పెట్టి, పెట్టెలో పడుకోబెట్టేవాళ్ళు.

చెబుతుంటే ఆయన బాగున్న చెయ్యి పగ్గాలు పట్టుకున్నట్టే ముడుచుకుంది. "నేను గుమ్మం దాకే. గుర్రం లోపలికి రానని మొరాయించేది. అదే సాకు నాకు. ఆ పిల్లలు మాత్రం రోజంతా లోపలే."

రుమాలు మూట. గుండీలు. మోచేత్తో చూసే నీళ్ళు. "గీత?" అంది రౌని.

"ముఖం చూడదగ్గట్టు ఉంటే పెట్టె మూత ఉత్తగా వదిలేవాళ్ళు. లేకపోతే సుద్దతో అడ్డగీత. ఇంటివాళ్ళు మూత తెరవొద్దని దానర్థం. నా తమ్ముడి పెట్టె మీదా గీశారు. మా అమ్మ తెరవలేదు. చచ్చిపోయేదాకా వాడి ఉంగరాల జుట్టు గురించే చెప్పుకునేది." ఆయన మళ్ళీ రుమాలు ఒత్తుకున్నాడు. "వాణ్ణి తెచ్చింది నేనే కదా. నాకు తెలుసు లోపల ఏముందో."

అమ్మని ఆ షెడ్డులో చూశారా అని రౌని అడిగితే, చెప్పలేనన్నాడు. తలగుడ్డల్లో అందరూ ఒక్కలాగే ఉండేవారు. కానీ గీత ఆయనకు తెలుసు. ఇక తన తలుపు మీదకి అదెలా వచ్చిందంటారా, దానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కూతురు ఆదివారం వచ్చింది. తండ్రి మూతి చూసింది. బయటికి వెళ్ళి కోట్లు తగిలించే చోట నిలబడి ఏడ్చింది. సైమా అక్కడే ఉంది. ఆస్కరి కోడలు ఏడవలేదా? హిల్మా మనవరాలు ఏడవలేదా? చూడటానికి వచ్చినవాళ్ళు ఏడుస్తూ బయటికొస్తే, ఇంకోసారి వాళ్ళకి ఆ బాధ లేకుండా తలుపు మీద గీత పడుతుంది.

"మీకు భయం వెయ్యలేదా?"

"చావుకి కాదమ్మాయ్" అన్నాడు తావెత్తి. "నిన్నంతా అద్దం వైపు చూడలేదు నేను. నా ముఖం ఇంక ఇంటివాళ్ళు చూడదగ్గది కాదనే కదా ఆవిడ తేల్చింది."

రౌని చేతిలోని తడిగుడ్డ మడతపెట్టి అమ్మ గదిలోకి వెళ్ళింది. సైమా లేచి వచ్చింది. గుండీలు. జేబులు. మూట. నీళ్ళలో మోచెయ్యి. నుదుటి నుంచి చెవి దాకా ఆ గుడ్డ నడుస్తుంటే రౌని కళ్ళు మూసుకోలేకపోయింది, తెరిచి ఉంచలేకపోయింది. ఈ చేతులతోనేనా? నన్ను ఎత్తుకున్నది, జడలు వేసింది, జావ మాడ్చింది ఈ చేతులతోనేనా? యాభై ఏళ్ళు ఆ నీళ్ళ కాగు కడుపులో పెట్టుకుని, వంటశాల అని ఒక్క మాట చెప్పి ఊరుకుందా? అప్పం సంచి తెరవడం కూడా మరిచిపోయింది. నడవాలోకి వచ్చిపడి, తగిలించి ఉన్న ఎవరివో కోట్లలో ముఖం దాచుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. కాస్త తేరుకుని తిరిగి చూస్తే, అమ్మ గుమ్మంలో తడిగుడ్డతో నిలబడి తననే చూస్తోంది. రౌని చెయ్యి ఊపింది. సైమా ఊపలేదు.

రౌని వెళ్ళి పైవిక్కికి అంతా చెప్పింది. అది విని పైవిక్కి చివర్న కిటికీలోంచి గడ్డకట్టిన సరస్సు వైపు చూస్తూ, తనకైతే అర్థమైందని, కానీ అర్థమైనంత మాత్రాన భయం పోతుందా అని అడిగింది. ఆస్కరి కోడలికి ఏమని చెప్పాలి, మీ మామగారి ముఖం చూడదగ్గది కాదని సైమా తీర్పిచ్చిందనా? తావెత్తి తన కూతురితో తాను మాట్లాడుకుంటానన్నాడు, అది సరే. మునిసిపాలిటీ వాళ్ళు కారు కూడా మాట్లాడేశారు. డాక్టరుకి చెప్పి చూస్తాను, మాటివ్వలేను అంది. ఆ మాత్రం మాట పట్టుకుని రౌని ఇల్లు చేరింది.

శుక్రవారం పొద్దున్న వంటశాలలో బంగాళాదుంపలు సగంలో వదిలేసి, తోటి వంటావిడకి అప్పజెప్పి, తలకి కట్టిన తెల్లగుడ్డా నడుముకి కట్టిన గుడ్డా విప్పకుండానే కోటు తగిలించుకుని వచ్చేసింది. నడవా మలుపు తిరగ్గానే కాళ్ళు ఆగిపోయాయి. అమ్మ గది ముందు పైవిక్కి, డాక్టరు నిలబడి ఉన్నారు. తలుపు మూసి ఉంది. పేరు పలక కింద, సైమా అన్న పేరు కింద, తెల్లటి సబ్బు గీత.

పైవిక్కి గొంతు తగ్గించి చెప్పింది. పొద్దున కాఫీ ఇచ్చినప్పుడు లేదట అది. ఇప్పుడు సైమా లోపలి నుంచి పిడి గట్టిగా పట్టుకుని తలుపు తియ్యనివ్వడం లేదట. డాక్టరు కుర్రవాడు, మంచివాడే, కోటు కూడా విప్పలేదు. తన తలుపు మీద తనే గీసుకుందంటే ఏదైనా అఘాయిత్యం చేసుకోవచ్చని, ఇలాంటి మనిషిని ఇక్కడ ఉంచడం క్షేమం కాదని, కారు రాగానే పంపేద్దామని నెమ్మదిగా చెప్పాడు. నడవా చివర తలుపులు ఒక్కొక్కటే సందు తెరుచుకుని చూస్తున్నాయి.

రౌనికి ఆయన మాటలు సగమే వినబడ్డాయి. ఆ గీత చావుని పిలవడానికి గీసింది కాదు. నిన్న ఈ గదిలోంచి ఏడుస్తూ బయటికి వెళ్ళింది ఎవరు? నేనే. నన్ను చూసే గీసుకుంది. నేను ఇంకోసారి బాధపడకూడదని. నన్ను ఆపడానికి.

"అమ్మా" అంది. లోపల పిడి ఇంకా బిగుసుకుంది.

"తెరవొద్దు" అంది సైమా గొంతు, ఎంతో మర్యాదగా, కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు. "మీరు ఇంటివాళ్ళు. ఇంట్లోంచి ఎలా వెళ్ళిందో అలాగే గుర్తుపెట్టుకోండి. అదే మంచిది."

డాక్టరు ముందుకు కదిలాడు. పైవిక్కి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. రౌని కోటు విప్పి నేల మీద పడేసింది. తలగుడ్డ సర్దుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ నోటితో అనని మాట అనడానికి గుండె దిటవు చేసుకుంది.

"నేను ఇంటి మనిషిని కాదు, సైమా. పనికి వచ్చాను. పొద్దుటి నుంచీ నువ్వే ఉన్నావుగా, నీ వంతు అయిపోయింది."

"నీళ్ళు కాగాయా?" అని లోపలి నుంచి వినబడింది.

"కాగాయి."

పిడి వదులైంది.

సైమా ఆమె తలగుడ్డ వైపు, నడుముకున్న గుడ్డ వైపు చూసింది. తృప్తి పడ్డట్టు తల ఊపింది. తన కోటు తానే గొంతు దాకా గుండీలు పెట్టుకుని ఉంది. మంచం మీద రుమాలు మూట, అందులో కళ్ళద్దాలూ దువ్వెనా ఆకారం తెలుస్తున్నాయి. కుర్చీలో కూర్చుని గుడ్డ అందించింది. రౌని బేసిన్ నింపి మోచెయ్యి ముంచి చూసింది. గుడ్డ పిండింది. వెనక గుమ్మంలో ఇద్దరు నిలబడి ఉన్నారన్న సంగతి ఆమెకు గుర్తే లేదు.

"నుదుటి నుంచి" అంది సైమా, కళ్ళు మూసుకుని. "చెవి వైపుకి. కళ్ళ మీద నొక్కకు."

రౌని తుడిచింది. మొదటి వరస వంకరపోయింది, రెండోది కుదిరింది. చెవి వెనక తుడుస్తుంటే కళ్ళు చెమర్చాయి.

"ఏడవకు. ఏడిస్తే చెయ్యి వణుకుతుంది."

ఏడవలేదు. గడ్డం కింద తుడిచి, మూట విప్పి దువ్వెన తీసి, పల్చటి తెల్లజుట్టు పాపిడి తీసి దువ్వింది. సైమా చేతి వెనక వైపుతో తన చెంప తానే తడిమి చూసుకుంది, పనివాళ్ళు పని సరిచూసుకున్నట్టు.

"ఎవరీవిడ?" అని అడిగింది.

రౌని దువ్వెన మళ్ళీ మూటలో పెట్టింది. "రౌని వాళ్ళమ్మ."

సైమా ఆలోచించింది. "ఆ పిల్ల వస్తుందా?"

"వస్తుంది. రోజూ వస్తుంది."

"అయితే చూడనియ్యి. ముఖం బాగానే ఉంది."

తడిగుడ్డ తీసుకుని లేచింది. గుమ్మంలో ఉన్న డాక్టరుని పక్కకి జరగమన్నట్టు చేత్తో తోసి, తలుపు మీది గీతని ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడిచింది. మరక మిగలకుండా ఇంకోసారి తుడిచింది.

"తెరవొచ్చు" అంది డాక్టరుతో.

డాక్టరు పైవిక్కి వైపు చూశాడు. పైవిక్కి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది. ఈవిడ ఎక్కడికీ వెళ్ళదనీ, ఫిర్యాదుకి జవాబు తను చెప్పుకుంటాననీ, వచ్చే కారుని వెనక్కి పంపెయ్యమనీ అంది. ఆ కుర్రవాడు ఏదో అనబోయి, తుడిచిన తలుపు వైపు చూసి, సరేనన్నాడు.

సైమాకి ఇవేం పట్టలేదు. నడవాలో తావెత్తి గది వైపు చూస్తోంది. ఆయన గోడకి వీపు ఆన్చుకుని కూర్చున్నాడు, పక్కన కూతురు చెయ్యి పట్టుకుని ఉంది. ముసలాయన మూతి పక్క మళ్ళీ తడి కారుతోంది.

"నీళ్ళు మార్చి పట్టుకురా" అంది సైమా రౌనితో. "ఇంకొకాయన ఉన్నాడు."

రౌని బేసిన్ ఎత్తుకుంది.